ఇశ్శాఖారు వంచిన భుజము

యాకోబు ఐగుప్తుదేశములో మరణశయ్యపై నుండి తన కుమారులను పిలిచి పలికిన మాటలు ఆదికాండము 49వ అధ్యాయములో నున్నవి. ఆ మాటలలో యూదా సింహమాయెను, నఫ్తాలి లేడియాయెను, బెన్యామీను తోడేలాయెను. లేయా కుమారుడైన ఇశ్శాఖారునకు గార్దభము వచ్చినది. అతడు బలము గల గాడిదవలె నున్నాడనియు, విశ్రాంతిని రమ్యమైన నేలను చూచి బరువు మోయుటకు భుజము వంచెననియు, చివరకు వెట్టివాడాయెననియు తండ్రి చెప్పెను. కాయకష్టముచే బ్రదుకు కుటుంబములు శ్రద్ధగా చదువవలసిన గోత్రము పండ్రెండింటిలో నేదైన నున్నయెడల అది యిదియే. అయినను ఈ వచనమును అపార్థము చేయువారు రెండు తెగలవారు.

మొదటి తెగవారు దీనిని పరిహాసముగా చదువుదురు: తిండికిని నిద్రకును ఆశపడి స్వాతంత్ర్యము నమ్ముకొనిన సోమరి గోత్రమట. రెండవ తెగవారు దీనిని బోధగా చదువుదురు: నోరెత్తక బరువు మోయుటయే పనివానికి దేవుడు నియమించిన గుణమట, ఇశ్శాఖారువలె తృప్తిగా నుండవలెనట. మొదటి చదువు పనివానిని కించపరచును. రెండవది వానిపై నున్న బరువును కాపాడును. ఒక్క వచనముతో ఒక గోత్రమును తూచు ఈ ఇరుతెగలవారును మిగిలిన గ్రంథమును మూసియుంచి మాటలాడుచున్నారు.

తెలుగువాని చెవికి గాడిద యనుమాట తిట్టుగా వినబడును. మూటల క్రింద నడచుచు దెబ్బలు తినుచుండు జంతువే వాని కన్నులయెదుట నిలుచును. ఇశ్రాయేలు దేశమున అట్లు కాదు. న్యాయాధిపతియైన యాయీరునకు ముప్పదిమంది కుమారు లుండిరనియు వారు ముప్పది గాడిదల నెక్కి తిరిగిరనియు వ్రాయబడినది. అది వారి ఘనతకు గురుతు. దెబోరా కీర్తనలో తెల్లగాడిదల నెక్కువారు దేశపు పెద్దలు. జెకర్యా ప్రవక్త రాబోవు రాజును గాడిదమీదనే చూచెను. గుఱ్ఱము యుద్ధమునకు, గాడిద ఇంటికిని పొలమునకును. కాబట్టి తండ్రి నోట వచ్చిన పోలికలో తిట్టు లేదు. ఆ జంతువునకు బలమున్నదనియే మొదట చెప్పబడినది.

ఆ మాట పలికినవా డెవడో అదియు తలంపవలెను. యాకోబు తానే కూలివాడు. మామయైన లాబానునొద్ద ఇరువది సంవత్సరములు పనిచేసెను: పదునాలుగు అతని కుమార్తెలకొరకు, ఆరు మందకొరకు. పగటి యెండకును రాత్రి మంచునకును తాను క్షీణించితిననియు, కంటికి నిద్ర లేకపోయెననియు, జీతము పదిమారులు మార్చబడెననియు అతడు లాబాను ముఖముమీదనే చెప్పెను. చేసిన పనికి లెక్క తగ్గించి వ్రాయుట ఎట్లుండునో ఎరిగినవాడు పనివానిని పరిహసించునా? అదిగాక ఇశ్శాఖారు అను పేరులోనే హెబ్రీ భాషయందు జీతము, కూలి యను మాట వినబడును. లేయా తన కుమారుడు తెచ్చిన పుత్రదాత వృక్షపు పండ్లను రాహేలున కిచ్చి, ఆ రాత్రికి భర్తను కూలికి కుదుర్చుకొనెను. తరువాత పుట్టిన బిడ్డను దేవుడు తనకిచ్చిన జీతమని చెప్పుకొనెను. ఈ గోత్రపు మూలపురుషుడు కూలి యను మాటను పేరులోనే ధరించి పుట్టెను.

ఇక నేలను చూడవలెను. యెహోషువ గ్రంథము 19వ అధ్యాయము ఈ గోత్రమునకు పదునారు పట్టణములను వాటి పల్లెలను లెక్కించుచున్నది. యెజ్రెయేలు, షూనేము, ఏన్గన్నీము వానిలోనివి. ఉత్తరమున తాబోరు కొండ, దక్షిణమున గిల్బోవ, తూర్పున యొర్దాను. నడుమ యెజ్రెయేలు లోయ. లోయ యనగా ఇరుకైన సందు కాదు, విశాలమైన మైదానము. సారవంతమైన మన్ను, ఊటలు, ధాన్యపు పంటలు. ఐగుప్తునుండి దమస్కునకు పోవు రహదారి ఆ ప్రాంతము మీదుగానే పోవుచుండెను. ఇట్టి నేల పేదవానికి చిక్కినయెడల బలవంతుని కన్ను దానిమీద పడకమానదు. కొండలమీది గోత్రములను కనానీయుల రథములు ముట్టలేకపోయెను, ఏలయనగా రథము కొండ నెక్కదు. మైదానములో ఇనుపరథములు గలవారిదే రాజ్యము. సంఖ్యాబలము గల యోసేపు సంతతివారు సహితము యెజ్రెయేలు లోయలోని ఇనుపరథములను గూర్చి యెహోషువతో మొరపెట్టుకొనిరి. ఇశ్శాఖారు వెట్టికి కారణము సోమరితనమని చెప్పువారు దేశపటమును చూడక మాటలాడుచున్నారు. సోమరి భుజము వంచడు.

ఈ సంగతికి బైబిలు వెలుపల నొక విచిత్రమైన సాక్ష్యము గలదు. 1887వ సంవత్సరములో ఐగుప్తులోని అమర్నా యనుచోట మట్టిపలకలపై వ్రాసిన జాబులు అనేకములు బయలుపడెను. క్రీస్తునకు పూర్వము 14వ శతాబ్దమున కనాను పట్టణాధిపతులు ఐగుప్తు రాజునకు వ్రాసిన జాబులు వానిలో చాల గలవు. అట్టివానిలో నొకటి మెగిద్దో అధిపతియైన బిరిదియ యనువానిది. అది పారిసు నగరములోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. షూనేము పొలములను తాను సాగుచేయించుచున్నాననియు, వెట్టివారిని తానొక్కడే తెచ్చుచున్నాననియు, తన దగ్గరనున్న అధిపతులు తనవలె చేయుటలేదనియు అతడు రాజునకు విన్నవించుకొనెను. ఆ పనివారు షూనేమువారు కారు. యాపు మొదలైన వేరుచోట్లనుండి తేబడినవారు. నజరేతు సమీపమున నున్న యాఫీయయే ఈ యాపు అని పలువురు పండితులు తలంతురు. ఆ జాబులో వెట్టివారికి వాడిన మాటయు, ఆదికాండమున ఇశ్శాఖారు వెట్టికి వాడిన 'మస్' అను హెబ్రీ మాటయు ఒక్కటే. 3,300 ఏండ్లకు పైబడిన కంగాణి జాబు అది! తెచ్చినవాని పేరు నిలిచినది; తేబడినవారిలో ఒక్కని పేరైనను ఆ పలకమీద లేదు. ఆ పొలములలో వెట్టి యొక గోత్రపు స్వభావమునుండి పుట్టలేదు. నేలయొక్క సారమునుండియు రాజుల ఆశనుండియు పుట్టెను.

పూర్వపు తర్జుమాదారులకు సహితము ఈ మాట కష్టముగా తోచెను. హెబ్రీనుండి గ్రీకు భాషలోనికి ధర్మశాస్త్రమును తెచ్చిన యూదులు వెట్టివాడను మాటకు బదులు వ్యవసాయకుడను మాట నుంచిరి. ఓంకెలోసు పేరిట నున్న అరామిక తర్జుమా ఇంకను సాహసించి, ఇశ్శాఖారే ఇతర జనులను జయించుననియు, మిగిలినవారు వానికి పన్ను కట్టుదురనియు అర్థమును తలక్రిందు చేసెను. గోత్రముపై ప్రేమచేతనే యిట్లు చేసియుందురు. అయినను అట్టి మరుగు అక్కరలేదు. తాత ఒప్పందపు కూలిగా ఓడ యెక్కెనని చెప్పుటకు సిగ్గుపడి, వర్తకమునకు వచ్చెనని మనుమలకు చెప్పుకొను ఇంటికిని ఈ తర్జుమాకును భేదమేమి? మలయా తోటలకు ఒప్పందపు కూలీలను తెచ్చు పద్ధతి 1910వ సంవత్సరమున నిలిపివేయబడెను. దానికి ముందు వచ్చినవారు వంచిన భుజము దాచిపెట్టవలసినది కాదు.

అట్లని ఆ వంపు ఆశీర్వాదమనియు చెప్పరాదు. భుజము వంచుమని యాకోబు ఆజ్ఞాపింపలేదు, వంచెనని చెప్పెను. విశ్రాంతి మంచిదని చూచుట తప్పు కాదు, నేల రమ్యమని చూచుట తప్పు కాదు. కాని వానికొరకు చెల్లించిన వెల యెంతయో అదియు ఆ వచనముననే వ్రాయబడినది. విశ్రాంతి యను మాటను పెద్దగొంతుకతోను వెట్టి యను మాటను చిన్నగొంతుకతోను చదువు బోధకుడు దొరకు నచ్చవచ్చును. అతడు చదువుచున్నది మాత్రము యాకోబు మాట కాదు.

ఇశ్శాఖారు కథ వెట్టితో ముగిసినదనుకొనువారు న్యాయాధిపతుల గ్రంథము 5వ అధ్యాయము తీయవలెను. కనాను రాజైన యాబీనుయొక్క సేనాధిపతి సీసెరా తొమ్మిదివందల ఇనుపరథములతో ఇరువది సంవత్సరములు ఇశ్రాయేలీయులను బాధించెను. దెబోరా ప్రవక్త్రి లేచినప్పుడు ఇశ్శాఖారు అధిపతులు ఆమెతో నుండిరి. ఆ గోత్రమువారు బారాకు వెంటనే లోయలోనికి దూకిరి. యుద్ధము జరిగినది వారి సరిహద్దుననే, తాబోరు క్రిందను కీషోను వాగునొద్దను. వాగు శత్రువులను కొట్టుకొనిపోయెనని కీర్తన చెప్పుచున్నది. నీరు నిలిచినప్పుడు ఆ మన్ను బండిచక్రములను ఎట్లు పట్టుకొనునో దానిలో దున్నినవారికి రథికులకంటె బాగుగా తెలిసియుండెనని యూహించుట తప్పుకాదు.

ఇచ్చట నొక చిన్నమాట గమనింపదగినది. గాడిద పండుకొనియున్న చోటిని తెలుపుటకు ఆదికాండములో 'మిష్పెతాయిము' అను హెబ్రీ మాట వాడబడినది. అది బహు అరుదైన మాట. గొఱ్ఱెల దొడ్లని కొందరును, జంతువునకు ఇరుప్రక్కల కట్టు బరువులని కొందరును చెప్పుదురు. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలు ఈ వచనమున బరువులనియే తర్జుమా చేసెను. ఆ మాట దెబోరా కీర్తనలో మరల వచ్చును. అయితే ఈసారి అది ఇశ్శాఖారును గూర్చినది కాదు, రూబేనును గూర్చినది. మందల పిలుపులు వినుచు మిష్పెతాయిముల నడుమ ఏల కూర్చుండిపోతివని ఆమె రూబేను నడిగెను. గిలాదు యొర్దాను అవతలను, దాను ఓడలయొద్దను, ఆషేరు సముద్రతీరమునను నిలిచిపోయిరి. పండుకొనియున్నదని పేరుపడిన గాడిద లేచి నడచెను; జ్యేష్ఠుని గోత్రము ఆలోచనలు చేయుచు కూర్చుండెను.

తరువాత వచ్చిన తోలా యను న్యాయాధిపతి ఇశ్శాఖారు గోత్రికుడే. అబీమెలెకు రక్తపాతముల తరువాత లేచి ఇరువది మూడు సంవత్సరములు న్యాయము తీర్చెను. రెండు వచనములకంటె ఎక్కువ అతనిని గూర్చి లేదు, ఒక్క యుద్ధమైనను చెప్పబడలేదు. అతని పేరునకు పురుగని అర్థము.

దావీదును రాజుగా చేయుటకు హెబ్రోనునకు గోత్రములు కూడివచ్చినప్పటి లెక్క దినవృత్తాంతముల మొదటి గ్రంథము 12వ అధ్యాయములో నున్నది. జెబూలూనునుండి 50,000 మంది సకల యుద్ధాయుధములతో వచ్చిరి. నఫ్తాలినుండి 37,000 మంది డాళ్లతోను ఈటెలతోను వచ్చిరి. ఇశ్శాఖారునకు వచ్చునప్పటికి డాలు లేదు, ఈటె లేదు. కాలముల నెరిగి ఇశ్రాయేలీయులు ఏమి చేయవలెనో తెలిసినవారైన అధిపతులు 200 మంది వచ్చిరనియు, వారి బంధువులందరు వారి మాటకు లోబడియుండిరనియు మాత్రమే యున్నది. జనము తక్కువై కాదు. అదే గ్రంథము 7వ అధ్యాయమున ఈ గోత్రపు పరాక్రమశాలులు 87,000 మందిగా లెక్కింపబడిరి. ఆనాడు వారినిగూర్చి వ్రాయదగినది చేతిలోని ఆయుధము కాదని గ్రంథకర్తకు తోచెను. యూదా బోధకులు ఈ వచనమును బట్టి మాసములను పండుగలను లెక్కించు విద్య ఇశ్శాఖారుదనిరి. ఇశ్శాఖారు ధర్మశాస్త్రము చదువుచుండగా జెబూలూను వర్తకముచేసి అతనిని పోషించెననియు చెప్పుకొనిరి.

బరువు మోయువానికి కాలజ్ఞాన మెందుకని అడుగువారు దొరలలోనే గాక లైన్లలోను ఉన్నారు. తోటలో పుట్టిన బిడ్డకు సంతకము వచ్చిన చాలుననియు, తెల్లవారుజామున చెట్టుగీయుటకు అక్షరములతో పనిలేదనియు తల్లిదండ్రులే చెప్పునప్పుడు బడిలోని బల్ల ఖాళీయగును. ఇశ్శాఖారుయొక్క రెండువందలమంది గుఱ్ఱములెక్కినవారి యింట పుట్టలేదు. వర్షము ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు విత్తవలెనో, ఎవని రాజ్యము కూలుచున్నదో, ఎవనిది లేచుచున్నదో వంగి పనిచేసిన గోత్రమే కనిపెట్టెను. ఆ జ్ఞానము వెట్టి మూలముగా వచ్చెనని పొగడరాదు. వెట్టి దానిని చంపలేకపోయెనని చెప్పవచ్చును.

వెట్టి అంతటితో పోలేదు. సొలొమోను రాజు తన భోజనపదార్థములు సమకూర్చుటకు ఇశ్రాయేలు దేశమున పండ్రెండుగురు అధికారులను నియమించెను. వారిలో నొకనికి ఇశ్శాఖారు దేశము వంతు వచ్చెను. లెబానోను మ్రానులకొరకు 30,000 మందిని వెట్టికి పట్టి, వంతులచొప్పున నెలకు 10,000 మందిని పంపెను. ఒక నెల అచ్చట, రెండు నెలలు ఇంట. ఇచ్చటను ఆ 'మస్' అను మాటయే. పరజాతి రాజు పెట్టినప్పుడు అన్యాయమైనది స్వజాతి రాజు, దేవాలయము కట్టించిన రాజు, పెట్టినప్పుడు న్యాయమగునా? సొలొమోను చనిపోయిన తరువాత షెకెములో జనులు అతని కుమారుడైన రెహబాముతో మాటలాడిరి. మొదట వారు రాళ్లు తీసికొనలేదు. కాడిని చులకన చేయుము, నీకు సేవచేయుదుమని మర్యాదగానే అడిగిరి. మూడు దినములు వేచియుండిరి. పెద్దల మాట త్రోసివేసి యౌవనులతో కూడి కఠినముగా ప్రత్యుత్తర మిచ్చి, మరల వెట్టిపని పైవిచారణకర్తనే వారియొద్దకు పంపిన తరువాతనే రాళ్లు లేచెను, రాజ్యము చీలెను.

చీలిన రాజ్యమున ఇశ్శాఖారు వంశస్థుడైన బయెషా సింహాసన మెక్కెను. నాదాబు గిబ్బెతోనును ముట్టడివేయుచుండగా అతనిని చంపి, యరొబాము ఇంటివారి నెవ్వరిని మిగులనియ్యక, తిర్సాలో 24 సంవత్సరములు ఏలెను. బరువు మోసిన గోత్రమునుండి వచ్చిన ఈ రాజు ఎవని బరువునైనను తగ్గించెనని గ్రంథములో ఒక్క మాటయు లేదు. అతని కుమారుడు త్రాగి మత్తుడై యుండగా జిమ్రీ చంపెను. మనవాడు అధికారి యైన చాలునని సంతోషించువారు ఈ రెండు అధ్యాయములు చదువవలెను.

ఇశ్శాఖారు పట్టణములలోని సామాన్యులయందు ఇంతకంటె గొప్పవారు కనబడుదురు. ద్రాక్షతోటకు మంచి వెల యిత్తునని అహాబు రాజు అడిగినను, పితరుల స్వాస్థ్యము నమ్మనని ప్రాణము విడిచిన నాబోతు యెజ్రెయేలువాడు. ఎలీషాకు మేడమీద చిన్న గదిని, మంచమును, బల్లను, పీటను, దీపస్తంభమును అమర్చిన స్త్రీ షూనేమునది. వారి గోత్రము పేరు చెప్పబడలేదు. పట్టణములు మాత్రము ఇశ్శాఖారు భాగములోనివి. ఈ స్త్రీ కథను బిడ్డ మరల బ్రదుకుటతో నిలిపివేయుట వాడుకయైనది. దాని రెండవ భాగము రాజుల రెండవ గ్రంథము 8వ అధ్యాయములో నున్నది; సముద్రము దాటి వచ్చిన కుటుంబములు మరువరానిది ఆ భాగమే. మొదట ప్రవక్త, రాజుతోనైనను సేనాధిపతితోనైనను నీకొరకు మాటలాడవలెనా యని అడిగినప్పుడు, తన జనులలో తాను కాపురమున్నానని చెప్పి ఆమె యేమియు కోరలేదు. తరువాత కరవు వచ్చెను. ప్రవక్త మాటచొప్పున ఆమె తన యింటివారితో ఫిలిష్తీయుల దేశమునకు వలసపోయి ఏడు సంవత్సరములు పరవాసిగా నుండెను. తిరిగి వచ్చునప్పటికి ఇల్లును పొలమును ఆమె చేతిలో లేవు. అప్పుడు తన జనులలో కాపురమున్న ఆ స్త్రీ తిన్నగా రాజునొద్దకు పోయి, తన ఇంటికొరకును పొలముకొరకును మొరపెట్టెను. రాజు ఒక అధికారిని నియమించి, ఆమెకు కలిగిన సమస్తమును మాత్రమే గాక, ఆమె దేశము విడిచిన దినము మొదలుకొని నాటివరకు ఆ పొలమున పండిన పంటను సహితము ఇప్పించెను. ఏడు సంవత్సరముల పంట!

ఇశ్శాఖారు పేరు చరిత్రలో చివరిసారి వినబడునది హిజ్కియా రాజు పస్కాపండుగలో. అష్షూరు రాజుల చేతిలోనుండి తప్పించుకొని మిగిలినవారిని యెరూషలేమునకు రమ్మని ఆయన అంచెగాండ్రను పంపెను. చాలచోట్ల జనులు వారిని ఎగతాళి చేసిరి. అయినను కొందరు వచ్చిరి. ఎఫ్రాయిము, మనష్షే, ఇశ్శాఖారు, జెబూలూను దేశములనుండి వచ్చినవారిలో అనేకులు తమ్మును శుద్ధిచేసికొనక, వ్రాయబడిన విధికి భిన్నముగా పస్కాను భుజించిరి. వారిని వెళ్లగొట్టుటకు కావలసిన ధర్మశాస్త్రపు మాట యాజకులయొద్ద సిద్ధముగా నుండెను. రాజు ఆ మాట నెత్తలేదు. పరిశుద్ధస్థలపు శుద్ధి వారికి లేకపోయినను, మనస్సు నిలిపి తన్ను వెదకినవారిని ప్రభువు క్షమించునుగాకని ఆయన ప్రార్థించెను. ఆ ప్రార్థన ఆలకింపబడెను; వారు స్వస్థపడిరి.